నొప్పి పోయిందా, సెలవు అయిపోయిందా

మొన్న శనివారం పొద్దున భూపాలపల్లిలో ఆఫీసు తాళం తీస్తుంటే రజిత ఫోన్ చేసింది. రజిత జనగామ దగ్గరి పత్తి మిల్లులో టైమ్ ఆఫీసు చూస్తుంది. కొన్నేళ్ల క్రితం అదే గదిలో, అదే కుర్చీలో నేను కూర్చునేవాణ్ని. ఏదైనా చిక్కు వస్తే నాకు ఫోన్ చేయడం ఆమెకు అలవాటు. ఆ రోజు మాత్రం హలో కూడా అనలేదు.

"అన్నా, ఆపా పోయింది."

నేను తాళం చెవి అట్లాగే పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను.

"బేస్తారం సాయంత్రం, ఇంట్లనే గుండె ఆగిందట. నిన్న జుమ్మా నమాజు అయినంక మట్టి చేసిన్రు. నీకు చెప్పాలన్న సోయి ఎవ్వలకు లేకుండె అన్నా, తప్పుగ అనుకోకు."

రజిత ఫోన్ పెట్టేయలేదు. ఆమెకు ఇంకో పని కూడా ఉందని నాకు అర్థమైంది.

"ఇంకోటి అడగాలె అన్నా. బేస్తారం నాటికి ఆమెను ఏమని రాయాలె?"

సంగతి ఇది. ఆపాకు నెల క్రితం గుండె జబ్బు బయటపడింది. డాక్టరు ముప్పై రోజులు విశ్రాంతి అని చిట్టీ రాశాడు. ఆ చిట్టీ బుధవారంతో ముగిసింది. గురువారం, అంటే రజిత చెప్పిన బేస్తారం, ఆమె పనికి వచ్చిందని మిల్లులో కొందరు అంటున్నారు. కానీ గేటు దగ్గర వేలిముద్ర మిషన్లో ఆమె ముద్ర లేదు. రజిత ఆ రోజు చెల్లెలి ఇంట్లో పండుగ చేస్తే అక్కడికి పోయింది, కాబట్టి కళ్లారా చూడలేదు. కంప్యూటర్ మాత్రం గైర్హాజరు అని చూపిస్తోంది.

"పోయిన మనిషికి గైర్హాజరు అని రాయబుద్ధయితలేదు అన్నా. డాక్టరు సార్‌ను జర బతిమాలి చిట్టీ ఒక్క దినం పొడిగిచ్చుకుంటే, సెలవులనే పోయినట్టు అయితది. ఎవ్వలకు లొల్లి ఉండదు. ఒక్క దినమే గదా."

ఒక్క దినమే గదా! ఆ మాట ఆపా ముందు అన్నవాళ్లెవరూ ఆమె చేత చీవాట్లు తినకుండా ఆ గది దాటలేదు. నేను కూడా తిన్నాను.

"ఏం రాయకు," అన్నాను. "గంట ఆగు. నేనే ఫోన్ చేస్త."

ఆఫీసు తెరవలేదు. ఎదురుగా చాయ్ బండి దగ్గరికి పోయి కూర్చున్నాను.

ఆపా అంటే అక్క. మిల్లులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు, మేనేజరు డ్రైవరు, అందరూ ఆపా అనే పిలిచేవాళ్లు. సొంతూరు కేసముద్రం. అంతకుమించి ఆమె జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. అడిగితే "కైకు? ఎందుకు నీకు? నాకేమన్న సెలవు రాసిస్తవా?" అనేది. ఆమె చూసేది సెలవుల రిజిస్టరు. జబ్బుపడ్డవాళ్లు డాక్టరు చిట్టీ తెచ్చి ఇస్తే, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా సెలవు, మళ్లీ ఏ రోజు పనిలోకి రావాలి అనేది తేల్చి రాయడం ఆమె పని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మా మిల్లులో ఒక రూలు ఉండేది. చిట్టీ ముగిసిన మరునాడు మనిషి రావాలి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా పాత సర్వీసు పోతుంది, మళ్లీ కొత్తగా చేరాలి. సీజన్ చివర్లో కొత్తగా ఎవరినీ తీసుకోరు. అంటే ఆమె రాసే ఆ తారీకు తప్పితే ఒక ఇంట్లో పొయ్యి ఆరుతుంది.

ఆ గది జిన్నింగ్ హాలు పక్కనే. కిటికీ ఎంత మూసినా దూది నూగు లోపలికి వచ్చేది. ఆమె రిజిస్టరు మీది నూగును ముందు నోటితో ఊది, కొంగుతో తుడిచి, అప్పుడు తెరిచేది. చెప్పులు గది బయట విడిచేది. బల్ల మీద ఒక సోంపు డబ్బీ, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. ఎర్ర పెన్ను మూత తీయగా నేను చూసింది ఒకేసారి. ఎదురుగా గోడకు కిరాణా షాపువాళ్ల క్యాలెండర్ ఉన్నా లెక్కపెట్టేటప్పుడు దానివైపు చూసేది కాదు. వేళ్ల మీదే లెక్క. ఒక్కో వేలికి మూడు కణుపులు, బొటనవేలితో కలిపి చేతికి పదిహేను. చిటికెన వేలు అడుగు నుంచి మొదలుపెట్టి, పెదవులు కదుపుతూ, తస్బీ పూసలు తిప్పినట్టు తిప్పేది. అయిపోయాక మాత్రం క్యాలెండర్ వైపు ఒకసారి చూసేది, దాన్ని పరీక్ష చేస్తున్నట్టు.

నేను బచ్చన్నపేట నుంచి బీకాం పట్టా పట్టుకుని అక్కడ చేరిన మొదటి రోజు ఆమె నన్ను అడిగింది.

"డిగ్రీ చదివినవట గద. ఐదో తారీకు నుంచి ఇరవయ్యో తారీకు దాకా ఎన్ని దినాలు?"

"పదిహేను," అన్నాను ఠక్కున.

"చెయ్యి తియ్యి. లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. బొటనవేలి చివరి కణుపు దగ్గర పంతొమ్మిది వచ్చింది. ఇరవైకి కణుపు లేదు.

"చెయ్యి అయిపోయింది, దినం మిగిలింది," అంది ఆపా. "ఆ మిగిలిన దినమే మనుషులను ఆగం చేస్తది బచ్చన్నపేటా. తీసేసుడు కాదు, లెక్కపెట్టుడు నేర్చుకో."

అప్పట్నుంచి నా పేరు బచ్చన్నపేట అయింది. నా అసలు పేరు ఆమెకు గుర్తుందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

చిట్టీ తెచ్చిన ప్రతివాణ్నీ ఆమె మూడు ప్రశ్నలు అడిగేది. చిట్టీ ఏ దినం రాసిండు? ఆ దినం పని చేసినవా, లేదా? మల్ల దవాఖానకు ఎప్పుడు రమ్మన్నడు? ఇవి అడగకుండా పెన్ను ముట్టేది కాదు. డాక్టరు 'ఒక నెల' అని రాస్తే చిట్టీ వెనక్కి పంపేది. "నెల అంటే ఏ నెల? ముప్పయ్యా, ముప్పయ్యొకటా? మా చాంద్ నెలనా, మీ అమాస నెలనా? దినాలు రాయించుకొని రా" అనేది. పాపం, ఆ డాక్టరు ఈమె బాధ పడలేక చివరికి అన్నీ రోజుల్లోనే రాయడం మొదలుపెట్టాడు. రిజిస్టర్లో తారీకు పక్కన వారం తప్పకుండా రాసేది. "తారీకు అబద్ధం ఆడుతది. వారం పట్టిస్తది" అనేది. నోటితో చెప్పేటప్పుడు అయితే తారీకు చెప్పేదే కాదు, వారమే చెప్పేది. పత్తి ఏరేవాళ్లకు, దూది బేళ్లు మోసేవాళ్లకు పద్దెనిమిదో తారీకు అంటే గుర్తుండదు, వారపు అంగడి మరునాడు అంటే జన్మలో మరిచిపోరు.

నాలుగో ప్రశ్న ఒకటుండేది. అది చిట్టీ తెచ్చినప్పుడు కాదు, మనిషి తిరిగి వచ్చిన రోజున. గది గడప బయట నిలబెట్టి అడిగేది.

"నొప్పి పోయిందా, సెలవు అయిపోయిందా?"

నొప్పి పోయింది అంటే లోపలికి రానిచ్చేది. కాస్త నసిగి సెలవు అయిపోయింది ఆపా అన్నాడో, అంతే. "అయితే ఈడికి కైకు వచ్చినవ్? దవాఖానకు పో. ఇంకో చిట్టీ పట్టుకొని రా" అని అక్కణ్నించే తోలేది. ఆ రోజును మాత్రం వచ్చినట్టే రాసి, ఖాళీ రాకుండా చూసేది. మొహం చూసి చెప్పేసేది, అబద్ధం చెప్తే దొరికిపోయేవాళ్లు. ఒకసారి బేళ్లు మోసే మనిషి నొప్పి పోయిందని గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. "ఆ మూలకున్న కుర్చీ లేపు చూద్దాం" అంది. లేపలేకపోయాడు. తిట్టి పంపింది.

చెప్పాను కదా, నేను కూడా తిన్నానని. చేరిన ఏడాది నాకు విషజ్వరం వచ్చి ఏడు రోజుల చిట్టీ తీసుకున్నాను. ఆరో రోజుకు తగ్గింది. కొత్త ఉద్యోగం, ఉత్సాహం, మేనేజరు మెచ్చుకుంటాడని ఒక రోజు ముందే బస్సెక్కి మిల్లుకు వచ్చాను. ఎండాకాలం. ఆపా నన్ను గడప దగ్గరే ఆపింది.

"ఏంది, గిట్ల వచ్చినవ్?"

"తగ్గింది ఆపా. నొప్పి పోయింది," అన్నాను గొప్పగా.

"నొప్పి పోతే పోయింది. కాగితం మీద నువ్వు ఇయ్యాల జరంల ఉన్నవ్. జరంల ఉన్నోడు మిషన్ పక్కన తిరిగి వాడి చెయ్యి పోతే, ఎవడు జవాబు చెప్పాలె? ఇంటికి పోయి పడుకో. జరంల ఉన్నోని తీర్గ ఉండు."

"ఒక్క దినమే గద ఆపా!"

"ఒక్క దినమా? ఒక్క దినానికి రెండు పేర్లు ఉండయి బచ్చన్నపేటా. ఆ దినం పనిదన్న కావాలె, జరానిదన్న కావాలె. పో."

ఎండలో మళ్లీ బచ్చన్నపేట పోయాను. దారి పొడుగునా ఆమెను మనసులో తిట్టుకున్నాను. ఈ ముసలిదానికి మనుషులకంటే రిజిస్టరు ఎక్కువ అనుకున్నాను. నిజానికి ఆమె అప్పటికి ముసలిది కూడా కాదు. కోపంలో అన్నీ అనిపిస్తాయి.

ఆ కోపం పోయిన రోజు గురించి చెప్పాలి. అది నా తప్పు గురించి కూడా.

సమ్మయ్య కొత్తగూడ మనిషి. ఆరేళ్లుగా మిల్లులో బేళ్లు మోస్తున్నాడు, భార్యతో మిల్లు వెనుక రేకుల గదిలో ఉండేవాడు. ఒక సోమవారం, మూడో తారీకు, మొదటి షిఫ్టు దిగి సైకిల్ మీద ఊళ్లోకి పోతూ లారీ హారన్‌కు బెదిరి పడ్డాడు. కుడి అరచెయ్యి చీరుకుపోయి కుట్లు పడ్డాయి. డాక్టరు అదే రోజు మధ్యాహ్నం పదిహేను రోజులు విశ్రాంతి అని చిట్టీ రాశాడు. మరునాడు దాన్ని అతని భార్య తెచ్చింది. ఆ రోజు ఆపా కేసముద్రంలో ఏదో పెళ్లికి పోయింది. రిజిస్టరు నా చేతిలో ఉంది.

చిట్టీ మీద మూడో తారీకు చూశాను. పదిహేను కలిపాను, ఈసారి కణుపుల మీదే లెక్కపెట్టాను కూడా. మూడు నుంచి పదిహేడు దాకా సెలవు, పద్దెనిమిది మంగళవారం పనిలోకి రావాలి అని రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను. ఆమెతో మాత్రం "పదిహేను రోజులు" అని చెప్పి పంపేశాను. వారం చెప్పలేదు. ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కొత్తగూడ వెళ్లిపోయారు.

మా పల్లెల్లో లెక్క వేరు. సోమవారం నుంచి సోమవారానికి ఎనిమిదొద్దులు అంటాం. మళ్లీ ఆ పైసోమవారానికి పదిహేనొద్దులు. అది బచ్చన్నపేటలోనూ అంతే, కొత్తగూడలోనూ అంతే. దినాలు చేసేటప్పుడు కూడా అట్లాగే లెక్కపెడతాం. సమ్మయ్య ఆ లెక్కనే పదిహేడో తారీకు సోమవారం వచ్చేశాడు. కొత్తగూడ నుంచి బస్సు, మానుకోటలో రైలు, కేసముద్రం, కాజీపేట మీదుగా జనగామ. అంత దూరం వస్తే అప్పటి గేటు మనిషి నేను రాసిన జాబితా చూసి "నీ చిట్టీ ఇంకా అయిపోలే, అయినంక రా" అని తిప్పి పంపాడు. ఎప్పుడు అయిపోతుందో అతనూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. సమ్మయ్య మళ్లీ అంత దూరం పోయాడు. భార్యను, మూటలను వెంటబెట్టుకుని బుధవారం వచ్చాడు.

మేనేజరు కోస్తా మనిషి. చెడ్డవాడు కాదు. కానీ అప్పటికి సీజన్ చివరికి వచ్చింది, మనుషులను తగ్గించమని ఆయన పైవాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. "మంగళవారం రావాల్సినవాడు బుధవారం వచ్చాడు. ఒక రోజు ఖాళీ వచ్చింది. రూలు రూలేనమ్మా," అని సమ్మయ్యను ఆపా గదికి తీసుకొచ్చి, పేరు కొట్టేయమన్నాడు.

సమ్మయ్య గడప బయట నిలబడ్డాడు. కుడిచేతికి కట్టు, ఎడమ చేతిలో మూట. భార్య వెనుక గోడకు ఆనుకుని నిలబడింది. "నేను సోమారమే వచ్చిన ఆపా. గేటుకాడికెంచి ఎల్లగొట్టిన్రు. ఎనిమిదొద్దులు, ఎనిమిదొద్దులు, పదిహేనొద్దులకే వచ్చిన," అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆరేళ్ల సర్వీసు పోతుందని అతనికి తెలుసు.

ఆపా రిజిస్టరు మీది నూగు ఊదింది. తెరిచింది. నా చేతిరాత చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"సమ్మయ్యా, చిట్టీ రాసిన దినం నువ్వు పని చేసినవా?"

"చేసిన ఆపా. రెండింటి దాకా. షిఫ్టు దిగినంకనే పడ్డ."

ఆమె హాజరు పుస్తకం తెప్పించింది. మూడో తారీకు, సోమవారం, మొదటి షిఫ్టు, సమ్మయ్య హాజరు.

"మూడో తారీకుకు రెండు పేర్లు పెట్టిన్రు సార్," అంది మేనేజరుతో. "ఆ దినం పనిది. పని చేసినోడు అదే దినం విశ్రాంతి ఎట్ల తీసుకుంటడు? విశ్రాంతి మంగళారం సంది షురూ అయితది. సమ్మయ్యా, ఇటు రా. లెక్కపెట్టు."

సమ్మయ్య తన కట్టు చెయ్యి చూసుకున్నాడు. ఆపా తన చెయ్యి చాపింది.

"నా చెయ్యి మీద లెక్కపెట్టు."

అతను మూట కింద పెట్టాడు కానీ ముట్టుకోవడానికి జంకాడు.

"ఆపా అంటవ్, చెయ్యి పట్టనీకి సిగ్గా? చిటికెన వేలు కాడికెంచి. మంగళారం అను."

సమ్మయ్య ఎడమ చూపుడు వేలితో ఆమె కణుపుల మీద ఒక్కొక్కటే మోపుతూ మంగళారం, బుధారం, బేస్తారం అని చెప్పుకుంటూ పోయాడు. బొటనవేలి చివరి కణుపు దగ్గర మళ్లీ మంగళారం వచ్చింది. చెయ్యి సరిగ్గా అయిపోయింది.

"మరి పనిలకు ఏ దినం రావాలె?"

"బుధారం."

"ఇయ్యాల ఏ వారం?"

"బుధారమే ఆపా!" అన్నాడు సమ్మయ్య. గోడ దగ్గర అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది.

మేనేజరు కాసేపు తన వేళ్లు కూడా ముడిచి చూసుకున్నాడు. "మరి రిజిస్టర్లో పద్దెనిమిది అని ఉందేంటమ్మా?"

"తప్పు రాసిన."

"ఇది మీ చేతిరాత కాదుగా?"

"రిజిస్టరు నాది గద సార్."

ఎర్ర పెన్ను మూత తీసింది. అన్నేళ్లలో ఆ రిజిస్టర్లో ఒక్క కొట్టివేత కూడా లేదని మిల్లంతా చెప్పుకునేవాళ్లు, ఆమె కూడా కాస్త గర్వంగానే చెప్పుకునేది. నేను రాసినదాని మీద ఒకే ఒక గీత గీసింది, కింద ఉన్నది చదవడానికి వచ్చేట్టు. "కొట్టేసింది గూడ కనబడాలె" అంటూ పక్కన 'పంతొమ్మిది, బుధవారం' అని రాసి సంతకం పెట్టింది. ఆ రోజుకు సమ్మయ్యకు హాజరు వేసి, కట్టు చెయ్యి చూసి ఇంకో చిట్టీ కోసం దవాఖానకు తోలింది.

అందరూ పోయాక నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నక్కో. నాకు చెప్పకు. కొత్తగూడకు బస్సు ఎన్నింటికి ఉంటదో ఎరుకనా నీకు?"

తెలియదన్నాను.

"తెల్వకుండనే మనిషిని ఎనకకు పంపినం. పో, కనుక్కొని రా."

కనుక్కుని వచ్చాను. కొత్తగూడ ఒక్కటే కాదు, మా మిల్లుకు మనుషులు వచ్చే ఊళ్లన్నింటి బస్సుల వేళలూ రిజిస్టరు చివరి అట్ట లోపల నా చేతనే రాయించింది. సమ్మయ్య కుడి పిడికిలి మళ్లీ బిగియలేదు, బేలు పట్టు చిక్కేది కాదు. ఆపా మేనేజరు వెంటపడి అతన్ని గేటు దగ్గర పెట్టించింది. అతనికి రాయడం అంతంతమాత్రం. పేరు, వారం, టైము, ఈ మూడూ రాయడం ఆమే నేర్పింది. గేటు పుస్తకం అతనికి అప్పజెప్పి, "నువ్వు చూసింది నువ్వు రాయి. ఎవ్వడు చెప్పినా మానకు" అంది.

ఇదంతా చాయ్ బండి దగ్గర కూర్చుని తలుచుకుంటున్నాను. చాయ్ చల్లారిపోయింది. ఇంకొకటి ఉంది, అది తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

నెల క్రితం ఆపా నాకు ఫోన్ చేసింది. సాధారణంగా ఆమె చేయదు, నేనే పండుగలకు చేస్తాను.

"బచ్చన్నపేటా, డాక్టరు నాకు చిట్టీ రాసిండు. ముప్పై దినాలు. మంగళారం సంది. చెయ్యి వాచి ఉన్నది, కణుపులు కనబడ్తలేవు. జర నువ్వు లెక్కపెట్టి చెప్పు."

నాకు నవ్వు వచ్చింది. ఊరందరికీ తారీకులు చెప్పిన మనిషి నన్ను తారీకు అడుగుతోంది. నా రెండు చేతులూ తిప్పి లెక్కపెట్టాను. మొదటి చెయ్యి పదిహేను, రెండో చెయ్యి పదిహేను. "బుధారంతోని అయిపోతది ఆపా. బేస్తారం పనిలకు రావాలె," అన్నాను. వారం కూడా చెప్పినందుకు మెచ్చుకుంటుందని చూశాను.

"షాబాష్," అంది. "గిప్పుడు లెక్క వచ్చింది నీకు."

సంతోషపడిపోయాను. ఇన్నేళ్లకు ఆమె నోట షాబాష్ విన్నాను. ఆ తర్వాత నెలంతా మళ్లీ ఒక్క ఫోన్ చేయలేదు. బుధవారం నాడైనా చేసి ఉండాల్సింది. ఆమె అందరినీ అడిగిన ఆ నాలుగో ప్రశ్న ఆమెను నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు. పని ఎక్కువుండి కాదు, తోచలేదు. తారీకు చెప్పి ఊరుకున్నాను, సమ్మయ్య భార్యకు పదిహేను రోజులు అని చెప్పి ఊరుకున్నట్టే.

రజితకు ఫోన్ చేశాను.

"గేటు పుస్తకం చూసినవా?"

"మిషన్ వచ్చినంక గేటు పుస్తకం ఏడిదన్నా? ఎప్పుడో బంద్ అయింది."

"సమ్మయ్యను అడుగు. ఫోన్ చేతిలనే పట్టుకొని పో."

ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది, జిన్నింగ్ మిషన్ల మోత వినిపించింది. తర్వాత సమ్మయ్య గొంతు.

"ఉన్నదన్నా. మిషన్ వచ్చినా నేను మానలే. ఆపా మానొద్దన్నది గద." పేజీలు తిప్పిన చప్పుడు. "ఇగో. బేస్తారం. ఎనిమిదిన్నర, ఆపా, లోపలికి. మల్ల ఐదు ఇరవై, ఆపా, బయటికి. మిషన్ల ఏలు మూడుసార్లు పెట్టిచ్చిన. వాచి ఉండె, పట్టలే. పోనీ తియ్ అన్నది."

పేరు దగ్గర అతను ఆపా అనే రాశాడు. వేరే పేరు అతనికి తెలియదు.

"ఎట్లుండె సమ్మన్నా?"

అతను పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"ఆయాసంగ ఉండె. గేటు పట్టుకొని నిలబడ్డది. నేనే అడిగిన అన్నా. నొప్పి పోయిందా ఆపా, సెలవు అయిపోయిందా అని."

నేను కళ్లు మూసుకున్నాను. "ఏమన్నది?"

"నవ్వింది. సెలవు అయిపోయింది బేటా అన్నది. మరి దవాఖానకు పో ఆపా, ఇంకో చిట్టీ తెచ్చుకో, ఈ దినం నేను రాసుకుంట అన్న. ఇనలే. నెల సంది చిట్టీలు కుప్పవడ్డయట. ఎవ్వలకు ఏ దినం రావాల్నో చెప్పేటోళ్లు లేరు, తప్పు దినం వచ్చి ఎవ్వడన్న ఆగమైతడు అన్నది. జరగు అని లోపలికి పోయింది. నేను అడ్డం నిలబడాల్సింది అన్నా."

అతను ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆమె మీద కోపం కూడా వచ్చింది, ఎండలో బచ్చన్నపేట పోయిన నాటికంటే ఎక్కువ కోపం. అందరినీ గడప దగ్గర ఆపిన మనిషి తనను తాను ఎందుకు ఆపుకోలేదు? సమ్మయ్య కనీసం అడిగాడు. నేను అది కూడా చేయలేదు.

రజిత ఫోన్ తీసుకుంది. "మీరు మాట్లాడుతుంటే పోయి ఆమె బల్ల చూసొచ్చిన అన్నా. చిట్టీలన్నీ రిజిస్టర్ల ఎక్కిచ్చింది. ఒక్కటి గూడ మిగలలే. ఇగ ఏం రాయాలె?"

"హాజరు రాయి. గేటు పుస్తకం చూసినట్టు రాసి సంతకం పెట్టు. సమ్మన్నతోని కూడ పెట్టియ్యి."

"పోయింది గూడ అదే దినం గదన్నా?"

"ఆమె పని చేసింది. ఆ దినం పనిది. ఒక్క దినానికి రెండు పేర్లు ఉండయి."

"మరి కంప్యూటర్ల గైర్హాజరు అని పడ్డది?"

"ఆ కాగితం తీసి, దాని మీద ఒక్క గీత గీసి పక్కన హాజరు రాయి. కొట్టేసింది గూడ కనబడాలె."

ఆమె చెప్పుల చప్పుడు, ప్రింటరు చప్పుడు, తర్వాత కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించాయి. "తారీకు రాసిన అన్నా," అంది రజిత.

"వారం కూడ రాయి."

"బేస్తారం," అని పైకి చదువుకుంటూ రాసింది.